గోదావరి మీది గాలి, మెలితిరిగిన వెలుగు

పేపరాఫీసులో మీరేం చేసేవారండీ అని ఎవరైనా అడిగితే, రోజూ పేజీలను గోదావరి దాటించేవాణ్ణని చెబుతాను. ఒక పెళ్లిలో నా పక్కన కూర్చుని భోంచేస్తున్నాయన "అయితే లాంచీ మీదా?" అని అడిగారు. వేళాకోళం కాదు, నిజంగానే అడిగారు. నేనూ నవ్వలేదు. మొదట్లో మా వ్యవహారం దానికి పెద్ద దూరంలో లేదు.

మా ఎడిషన్ ఆఫీసు రాజమండ్రిలో, గట్టుకి దగ్గరగా ఒక మూడంతస్తుల మేడలో ఉండేది. అచ్చయ్యేది మాత్రం అవతలి ఒడ్డున, కొవ్వూరు ప్రెస్సులో. పేజీలను ఫిల్ములుగా తీసి, గొట్టంలో చుట్టి, మోపెడ్ మీద వంతెన దాటించేవాళ్లం. వంతెన మీద ఒక లారీ ఆగిపోయిందంటే జిల్లా అంతా పేపరు ఆలస్యం. నేను సబ్‌ఎడిటర్‌గా చేరాను. కంప్యూటర్లు వచ్చినప్పుడు వాటికి భయపడనివాణ్ణి నేనొక్కణ్ణే కావడంతో, తయారైన పేజీలను ప్రెస్సుకి చేర్చే పని నాకు అంటగట్టారు. రిటైరయ్యేదాకా అదే నా పని.

ఈ పనిలో ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. వార్త రాసినవాడి పేరు పేపర్లో పడుతుంది. ఫొటో తీసినవాడి పేరు పడుతుంది. పేజీ చేర్చినవాడి పేరు, అది చేరని రోజున మాత్రమే అందరి నోటా వినపడుతుంది. దానికి సిద్ధపడితే ఇది చాలా హాయైన ఉద్యోగం.

పొగగొట్టం

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా మేనేజరు సూర్యనారాయణరాజు గారు ఎక్కడో చూసొచ్చి, మా మేడ మీద ఒకటీ కొవ్వూరు ప్రెస్సు మీద ఒకటీ రెండు రేకుపెట్టెలు పెట్టించారు. పోస్టుడబ్బా అంత ఉండేవి. వాటి మధ్య తీగ ఉండదు. ఒక పెట్టెలోంచి కంటికి కనపడని వెలుగు బయల్దేరి, గోదావరి మీదుగా వెళ్లి, రెండో పెట్టె కంట్లో పడుతుంది. ఆ వెలుగులో మా పేజీలు ప్రయాణం చేస్తాయి. లారీలతో పనిలేదు, టెలిఫోను లైన్లతో పనిలేదు. రాజుగారు వచ్చినవాళ్లందరినీ మేడ మీదికి తీసుకెళ్లి ఖాళీ ఆకాశాన్ని చూపించేవారు.

పొద్దున్న పరీక్ష చేస్తే లింకు బ్రహ్మాండంగా ఉండేది. సాయంత్రం జిల్లా పేజీలు పంపే వేళకి మాత్రం తెగిపోయేది.

"ఏవయ్యా మూర్తీ, వెలుగు కూడా సెలవు పెడుతుందా?" అని రాజుగారు గది లోంచే కేకేసేవారు. ముందు అరవడం, తరవాత అడగడం ఆయన పద్ధతి. అరిచాక మాత్రం నిజంగా వినేవారు. నేను చూసిన పైఅధికార్లలో ఈ రెండో సగం ఉన్నవాళ్లు తక్కువ.

కంపెనీ ఇంజనీర్లు వచ్చి అద్దాలు మార్చారు, లోపలి బోర్డులు మార్చారు. ఫలితం లేదు. చివరికి కొవ్వూరు ప్రెస్సు ఇన్‌చార్జి అప్పారావు ఫోన్ చేశాడు. అతను పాతికేళ్లుగా ఫిల్ములతో, ప్లేట్లతో కాపురం చేస్తున్న మనిషి.

"మూర్తిగారూ, మాకు కరెంటు పోయినప్పుడే మీ వెలుగూ పోతోందండి."

"పెట్టెకి బ్యాటరీ ఉంది కదయ్యా?"

"బ్యాటరీ దివ్యంగా ఉందండి. మీరోసారి వచ్చి చూసుకోండి, టీ కూడా తాగినట్టుంటుంది."

వెళ్లాను. కరెంటు పోగానే జనరేటరు వేశారు. దాని పొగగొట్టం గోడ వెంబడి పైకొచ్చి సరిగ్గా మా పెట్టె ముందు తెరుచుకుంది. ఆ గొట్టం పైనుంచి రాజమండ్రి వైపు చూస్తే, అవతలి మేడలన్నీ నీళ్ల అడుగున ఉన్నట్టు ఈదుతున్నాయి. ఎండాకాలం తారురోడ్డు మీద కనిపించే అలలాంటిదే. వేడిగాలీ చల్లగాలీ కలిసేచోట వెలుగు తిన్నగా పోదు, ప్రతి గాలి ముద్దా దాన్ని తలా ఇంత పక్కకి తోస్తుంది. ఒక మేస్త్రీని పిలిచి గొట్టం మూతి పెరటి వైపు తిప్పించాం. ఆ సాయంత్రం పేజీలన్నీ ఒక్కటి ఆగకుండా వెళ్లాయి.

ఆ రోజు నుంచి మా ఆఫీసులో గాలికి గొప్ప పేరొచ్చింది. లింకు ఆగితే గాలి. పేజీ ఆలస్యమైతే గాలి. అమలాపురం విలేకరి వార్త పంపకపోయినా "గాలండీ" అనడం మొదలుపెట్టాడు. నిజానికి చాలాసార్లు గాలే కారణం. చిక్కు కూడా అక్కడే ఉంది. అబద్ధపు కారణాన్ని ఎవరో ఒకరు పట్టుకుంటారు. నిజమైన కారణం దొరికిందనుకోండి, దాన్ని అవసరం లేనిచోట కూడా వాడేస్తాం, ఎవరూ పట్టుకోరు.

సత్యవతిగారు

ఇది జరిగిన నాలుగైదేళ్లకి ఒక మధ్యాహ్నం సత్యవతిగారు మా ఆఫీసుకి వచ్చారు. ఊళ్లో డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. విశాఖపట్నంలో ఒక గైడు దగ్గర పేరు నమోదు చేసుకుని, ఉద్యోగం చేసుకుంటూనే డాక్టరేటుకి పనిచేస్తున్నారు. మీ రెండు మేడలూ నాకు కావాలండీ అన్నారు.

"కొంటారా?" అన్నారు రాజుగారు.

"లేదండీ, తెల్లవారుజామున కాసేపు వాడుకుంటాను."

ఆవిడ పని మెలితిరిగిన వెలుగు మీద. నాకు అర్థమయ్యేలా ఆవిడ చెప్పిన తీరులోనే చెబుతాను. మామూలు లేజరు వెలుగు తిన్నగా పోతుంది. గోడ మీద వేస్తే నిండుచుక్క పడుతుంది. దాన్ని ఒకరకం ఫిల్ము గుండా పంపిస్తే, కొబ్బరిపీచు తాడులా మెలితిరుగుతూ పోతుంది. గోడ మీద వేస్తే మధ్యలో చిల్లున్న ఉంగరం పడుతుంది. కుడికి మెలితిప్పవచ్చు, ఎడమకి మెలితిప్పవచ్చు, ఒక మెలికా వేయవచ్చు, పది మెలికలూ వేయవచ్చు. ఒక్కో మెలిక మీద ఒక్కో వార్త పంపితే, ఒకే దారిలో అన్నీ పోయినా అవతలి ఒడ్డున విడదీసుకోవచ్చు. విడదీయడం తాడు సంగతి లాంటిదే. కుడికి పేనిన తాడుని ఎడమకి తిప్పితే విడుతుంది. అలా అవతలి ఒడ్డున ఎదురు మెలిక ఫిల్ము పెడితే, ఉంగరం పూడిపోయి మళ్లీ నిండుచుక్క కావాలి.

"అయితే ఇంకేం, మా పెట్టెలకీ పెట్టించెయ్యండి" అన్నారు రాజుగారు.

"గాలి ఉంది కదండీ. తాడుని మధ్యదారిలో పదిమంది లాగితే మెలిక మెలికలా ఉంటుందా?"

గాలి అన్న మాట వినగానే మేమందరం తెలిసినట్టు తలలూపాం.

కాలేజీ వరండాలో ఆవిడ ప్రయోగం చక్కగా పనిచేసింది. వరండాలో ఎవరికైనా పనిచేస్తుందమ్మా, బయటి గాలిలో చూపించు అన్నారట గైడుగారు. ఆవిడ నమోదు గడువు అప్పటికే ఒకసారి పొడిగించారు. ఇక పొడిగించరు. వేసవి సెలవులు అయ్యేలోపు బయటి గాలిలో మెలిక వేయడం, విప్పడం చూపించాలి. లేదంటే సాధ్యం కాలేదని ఆఖరి అధ్యాయం రాసి ఇచ్చేయాలి. అలా రాసినా డిగ్రీ రావచ్చు, రాకపోవచ్చు. ఆవిడ బాధ డిగ్రీ గురించి కాదు. "సాధ్యం కాదని ఒకసారి అచ్చయితే, నా వెనకాల వచ్చేవాళ్లు అసలు ప్రయత్నించరండీ" అన్నారు. పేపర్లో పనిచేసేవాళ్లం, అచ్చయిన మాట బరువు మాకు తెలుసు. రాజుగారు పేజీలు పోయే వేళ తప్ప ఎప్పుడైనా వాడుకోండి అన్నారు.

ఆ ఫిల్ములు తయారుచేసే మిషను మోపెడ్ రోజుల నుంచీ మా దగ్గరే ఉంది. పేజీలను ఫిల్ము మీదికి తీసే మిషను వెంట్రుక కంటే సన్నటి గీతలు గీస్తుంది. సత్యవతిగారు కంప్యూటరులో వేసిచ్చిన బొమ్మని దాంట్లో పెట్టాం. అడ్డంగా దగ్గర దగ్గరగా గీతలు, నడిమధ్యలో ఒక గీత రెండుగా చీలి, పక్కకి పడుకోబెట్టిన పంగలకర్రలా ఉంటుంది. పంగ కుడివైపున్న ఫిల్ము మా మేడకి. ఎడమవైపున్నది కొవ్వూరికి.

రాజుగారు ఫిల్ముని లైటుకి పట్టి చూసి, "ఏ పేజీలో వేస్తారయ్యా ఈ చీరంచు?" అన్నారు.

గారె

కొవ్వూరు ప్రెస్సులో మూలన పడున్న పాత ప్రాసెస్ కెమెరా ఉండేది. ఫిల్ములు కెమెరాతో తీసే రోజుల నాటిది. దాని పెద్ద కటకాన్ని, ఫిల్ము బిగించే చట్రాన్ని అప్పారావు దుమ్ము దులిపి మేడ మీదికి ఎక్కించాడు. చుట్టూ నల్లగుడ్డ కట్టి, వెనకాల ట్రేసింగు కాగితం బిగించాడు. వచ్చిన వెలుగు ఆ కాగితం మీద పడుతుంది. ఇవతల మేడ మీద చిన్న ఎర్ర లేజరు, ఒక టెలిస్కోపు, సత్యవతిగారు, నేను. ఇద్దరి చేతుల్లోనూ సెల్‌ఫోన్లు.

మొదటి రోజు తెల్లవారుజామున గాలి నిశ్చలంగా ఉంది. కింద రేవులో జాలర్లు వలలు సర్దుకుంటున్నారు. ముందు కొవ్వూరులో ఫిల్ము పెట్టకుండా వెలుగు పంపాం.

"ఏంటి కనపడుతోందండీ?" అని సత్యవతిగారు ఫోన్లో అడిగారు.

అప్పారావు "మేడంగారూ, గారె అండి" అన్నాడు.

"గారె?"

"మధ్యలో చిల్లు పెట్టిన గారెండి. ఎర్రగా వేగింది."

ఆవిడ నవ్వి, "ఇప్పుడు మీ దగ్గరున్న ఫిల్ము చట్రంలో పెట్టండి. చిల్లు పూడిపోయి బూరె అవ్వాలి" అన్నారు.

పెట్టాడు. కాలేదు. "గారేనండి. ఇందాకటి కంటే పెద్ద గారె."

మర్నాడూ అంతే. గాలి ఉన్న రోజు ముక్కలైన గారె. గాలి లేని రోజు పెద్ద గారె. అప్పారావు రోజూ వంటల జాబితా చదివినట్టు చెప్పేవాడు. మేం రోజూ గోదావరి వైపు చూసి తల పంకించేవాళ్లం. నీటి మీద ఒక గాలి, మధ్య లంక ఇసక మీద ఒక గాలి, ఊరి మీద ఒక గాలి. ఇన్నిటిని దాటి మెలిక నిలబడుతుందా అనుకున్నాం. సత్యవతిగారు ఊరుకోలేదు. మెలికలేని మరో కిరణాన్ని తోడుగా పక్కనే పంపారు. గాలి రెండింటినీ ఒకేలా తోస్తుంది కాబట్టి, తోడు కిరణం ఎటు జరిగిందో చూసి అసలు కిరణాన్ని వెనక్కి లాక్కోవాలని ఉపాయం. పాడైన మైకుసెట్టు స్పీకర్లు రెండింటికి చిన్న కటకం అతికించి, అది అటూ ఇటూ కదిలేలా సర్క్యూటు కట్టి కొవ్వూరు పంపారు. గారె గెంతడం తగ్గింది. బూరె మాత్రం కాలేదు.

మామిడిపళ్లు వచ్చేశాయి. విశాఖపట్నం నుంచి గైడుగారు ఫోన్ చేసి, ఉన్నదున్నట్టు రాసి పంపమన్నారు. ఒక పొద్దున్న మేడ మీద లేజరు వెలిగించకుండానే ఆవిడ పిట్టగోడ మీద కూర్చుని, ఆఖరి అధ్యాయం మొదలుపెట్టానండీ అన్నారు. బయటి గాలిలో మెలిక విప్పడం సాధ్యపడలేదు. ఇదే మొదటి వాక్యమట.

"పోనీ ఈ ఒక్కరోజూ చూద్దామండీ, అప్పారావు పాపం అక్కడ నిలబడ్డాడు" అన్నాను. నాకూ నమ్మకం లేదు. అంతపొద్దున్నే లేచి వచ్చినవాణ్ణి ఊరికే పంపడం బాగోదని అన్నానంతే.

చట్రం

ఆ పొద్దున్న ఆకు కదలడం లేదు. ఫోన్లో అప్పారావు గొంతు ఉల్లాసంగా ఉంది.

"మేడంగారూ, ఇవాళ మాత్రం చూడ్డానికి రెండు కళ్లూ చాలవండి. గుండ్రంగా గీసినట్టుంది. నా చేతి ఉంగరం పెట్టి చూశాను, ఎక్కడా వంకర లేదు. గారెలు మా ఆవిడ కూడా ఇంత తీరుగా వెయ్యదు. ఆవిడతో అనకండేం."

సత్యవతిగారు నవ్వబోయి ఆగిపోయారు. "గుండ్రంగా ఉందా? అంచులు చెదరలేదా?"

"లేదండి."

"పెద్దగానే ఉందా?"

"రోజూ లాగే పెద్దదండి."

ఆవిడ ఫోన్ దించేశారు. తరవాత నాతో మెల్లిగా అన్నారు. "మూర్తిగారూ, గాలి గారెను విరగ్గొడుతుంది. పెద్ద చేసి, అంత గుండ్రంగా ఎలా గీస్తుందండీ?"

నేను నోరు తెరిచేలోపే ఆవిడ మెట్లు దిగుతున్నారు. నా స్కూటరు మీదే వంతెన దాటాం. అన్ని వారాల్లో ఆవిడ కొవ్వూరు మేడ ఎక్కడం అదే మొదలు. లేజరు దగ్గర ఆవిడ లేకపోతే ఇటు పని నడిచేది కాదు, ఎండ ఎక్కితే అటు చూడ్డానికి ఏమీ ఉండేది కాదు.

నల్లగుడ్డ తొలగించి, చట్రంలో ఉన్న ఫిల్ముని చూశారు. పంగ కుడివైపుకి ఉంది.

"అప్పారావుగారూ, ఇది ఇలా పెట్టారేంటండీ?"

"ఎలా అండి?"

"తిప్పి."

"తిప్పలేదండి. ఎమల్షన్ సైడు కటకానికి ఎదురుగా పెట్టాను. ఎప్పుడూ అలాగే పెడతాం."

ఎమల్షన్ సైడంటే ఫిల్ముకి మందు పూసిన వైపు. ప్రెస్సులో ఎవరిని నిద్రలేపి అడిగినా అదే చెబుతారు. ఆ చట్రంలో ఫిల్ము అలాగే పెట్టాలి. అలా పెట్టకపోతే పేజీ అంతా అద్దంలో చూసినట్టు తిరగబడి అచ్చవుతుంది. అప్పారావు పాతికేళ్లలో ఒక్క పేజీ తిరగబడనివ్వలేదు. ఆ అలవాటుతోనే ఎడమ పంగ ఫిల్ముని కుడి పంగ చేశాడు. మామూలు పేజీ అయితే అక్షరాలు చూసి పట్టుకునేవాడు. దీని మీద అక్షరం లేదు, వట్టి గీతలు. బల్ల మీద పెట్టి అప్పారావుకి చూపించేటప్పుడు ఏ వైపు పైకి ఉండాలో మేమెవరం చెప్పలేదు. చెప్పాలని సత్యవతిగారికి తోచలేదు, ఆవిడ ప్రెస్సు మనిషి కాదు. నాకు తోచలేదు, నేను పూర్తిగా ప్రెస్సు మనిషిని.

ఇన్నాళ్లూ మెలిక విప్పుతున్నామనుకుని, వెళ్లిన మెలిక మీద ఇంకో మెలిక వేస్తూ వచ్చాం. అందుకే గారె పెద్దదైంది. దాన్ని గోదావరి గాలి ఖాతాలో వేశాం.

అప్పారావు మొహం చిన్నబోయింది. "నా వల్ల మీ పరీక్ష పోయిందాండి?"

"పోలేదండీ" అని సత్యవతిగారు నేల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టారు. "గాలి ఇంత మంచిదని నాకు తెలీదు. మీరు ఇక్కడ రెండో మెలిక వేసినా చెదరనంత శుభ్రంగా తెచ్చిందండీ మెలికని!"

తరవాత

మర్నాడు తెల్లవారుజామున ఫిల్ము తిప్పి పెట్టాం. వెలుగు పంపి, ఇద్దరం ఫోన్లు చెవికి ఆనించుకున్నాం.

"బూరెండీ" అన్నాడు అప్పారావు. మళ్లీ అరిచాడు. "బూరెండీ మేడంగారూ! పూర్ణం కూడా కనపడుతోంది!"

గాలిని గెలిచామని నేను రాయను. ఎండెక్కాక బూరె గారె అయ్యేది, గారె ముక్కలయ్యేది. స్పీకర్ల ఉపాయం పొద్దుటి పిల్లగాలికి ఆగింది, పడమటి గాలికి ఆగలేదు. సత్యవతిగారు పాత మొదటి వాక్యం కొట్టేసి, ఏ వేళల్లో మెలిక విడింది, ఏ వేళల్లో విడలేదు, రెండూ రాశారు. ఫిల్ము తిరగబడిన సంగతి కూడా దాచకుండా రాశారు.

మేం వార్త వేసినప్పుడు రాజుగారు 'గాలిని జయించిన మన లెక్చరరు' అని శీర్షిక పెట్టమన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు. 'గోదావరి దాటిన మెలిక వెలుగు' అని పెట్టాం. రాజుగారు పేజీ చూసి, పస తగ్గిందయ్యా అన్నారు. మర్నాడు చదివి ఇదే బాగుందయ్యా అన్నారు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకి నేను చెప్పగలిగింది ఇంతే. మీరు వాడే పద్ధతి మీకు ఊపిరిలా అలవాటైపోయి ఉంటుంది. బయటివాళ్లతో కలిసి పనిచేసేటప్పుడు దాన్ని పైకి చెప్పండి, చిన్నపిల్లలకి చెప్పినట్టు ఉన్నా సరే. ఆ తరవాత నేను తీసిన ప్రతి ఫిల్ముకీ, అది పేజీ కాకపోయినా, మూలన ఒక 'క' వేసేవాణ్ణి. అది తిరగబడితే ఎవరికైనా తెలుస్తుంది. అవతలి ఒడ్డుకి ఒకసారి మీ కాళ్లతో వెళ్లి రండి, ఫోన్లో ఎంత బాగా వినపడినా సరే.

డాక్టరేటు కోసం ఆఖరి ఇంటర్వ్యూకి సత్యవతిగారు విశాఖపట్నం వెళ్లిన రోజు మా ఆఫీసులో ఎవరికీ పని మీద ధ్యాస లేదు. అక్కడ ఒక పెద్దాయన, మెలిక విడిందని ఖచ్చితంగా ఎలా తేల్చారమ్మా అని అడిగారట. ముందు గ్రాఫులున్నాయి, లెక్కలున్నాయి. ఆవిడ నోటి నుంచి మాత్రం "గారె పూడిపోయిందండి" అని వచ్చేసిందట. అందరూ గ్రాఫులు వదిలి ఆవిడ వైపు చూశారట. ఇవన్నీ తరవాత తెలిశాయి.

ఆ రోజు మాత్రం ఎదురుచూడటమే. తిరుగు రైలు రాజమండ్రికి చేరే వేళ దాటింది. ఆవిడ రాలేదు. ఫోన్ ఎత్తడం లేదు. ఆశ వదులుకుని రాజుగారు గదిలోకి వెళ్లిపోయారు, ఈసారి అరవకుండానే. సాయంత్రం పేజీలు సిద్ధమయ్యాయి. వాటిని పంపబోతుంటే కొవ్వూరు నుంచి ఫోన్.

"ఏంటయ్యా, లింకు పోయిందా?" అన్నాను.

"లింకు బంగారంలా ఉందండి" అన్నాడు అప్పారావు. అతని వెనక ఎవరో ఆడమనిషి నవ్వుతున్నారు. రాజమండ్రిలో దిగాల్సిన ఆవిడ దిగకుండా, వంతెన దాటి, ముందు కొవ్వూరులో దిగారని అప్పుడు అర్థమైంది.

"మరేంటి?"

"మూర్తిగారూ, బూరెండీ."